దిగులుకూ వేళలుంటాయి

"మీకు నీటికాసులు" అని డాక్టరు చెప్పిన రోజు మీ చెవిన పడ్డ మాట ఏది? "పోయిన చూపు తిరిగి రాదు" అన్నదే కదూ? ఆ తర్వాత ఆయన ఇంకా చాలా చెప్పారు. ఉన్న చూపును కాపాడుకోవచ్చన్నారు, చుక్కలు మానొద్దన్నారు, మళ్ళీ ఎప్పుడు రావాలో చెప్పారు. ఇంటికొచ్చేసరికి అవేవీ గుర్తుండవు. ఆ ఒక్క ముక్కే చెవిలో తిరుగుతూ ఉంటుంది.

గ్లాకోమా అనండి, నీటికాసులు అనండి, అది వచ్చిన ఇంట్లోకి దిగులు కూడా వస్తుంది. కంటికి డాక్టరు చుక్కలు రాస్తారు. దిగులుకు ఏమీ రాయరు. ఓపీలో అంతమంది కూర్చుని ఉండగా "డాక్టరుగారూ, రాత్రుళ్ళు భయమేస్తోంది" అని మనమూ అడగం.

"ధైర్యంగా ఉండండి" అని నేను అనబోవడం లేదు. చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్ళూ ఆ మాట అనే వెళ్ళుంటారు. దాని వల్ల ఎంత ధైర్యం వచ్చిందో మీకే తెలుసు. నేను అడిగేది ఒక చిన్న పని. ఒక వారం పాటు మీ దిగులును గమనించండి. అది పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునే దాకా ఒకే తీరుగా ఉండదు. పాలవాడిలా దాని వేళకు అది వస్తుంది. చుక్కలు వేసుకునేటప్పుడు, చెకప్ దగ్గరపడ్డప్పుడు, దీపం ఆర్పాక, పెళ్ళిలో పదిమంది మధ్య నిలబడ్డప్పుడు. జీవితం మొత్తాన్ని కమ్మేసిన దిగులుతో ఎవరూ తలపడలేరు. శుక్రవారం రాత్రి పదింటికి వచ్చే దిగులుతో తలపడవచ్చు.

1. ముందు దాని వేళ రాసిపెట్టండి

చిన్న నోటుబుక్కు చాలు. రాయడం కష్టమైతే ఫోన్లో మాట రికార్డు చేయండి. ఎప్పుడు వచ్చింది, అప్పుడు మీరేం చేస్తున్నారు, మనసులో మెదిలిన మాట ఏమిటి, ఈ మూడే.

విజయవాడలో బట్టల షాపు నడిపే ఒకాయన ఉన్నారనుకోండి. "ఎప్పుడూ బెంగగానే ఉంటుందండీ" అంటారు. వారం రోజులు రాసి చూస్తే బెంగ వచ్చింది రెండే వేళల్లో అని తేలుతుంది. ఒకటి, షాపు కట్టేసి చీకట్లో బండి మీద ఇంటికొచ్చేటప్పుడు. రెండు, కొడుకు చదువు ఫీజు లెక్క చూసుకునేటప్పుడు. మొదటిదానికి మందు ధైర్యం కాదు, ఆటో. రెండోది అసలు కంటి గురించే కాదు, డబ్బు గురించి. దాన్ని భార్యతో కూర్చుని లెక్కలు వేసి తేల్చుకోవాలి. చుక్కల ఖర్చే భారంగా ఉంటే, అదే మందు జనరిక్‌లో దొరుకుతుందేమో డాక్టర్నే అడగండి. అడగడానికి మొహమాటపడి సీసాను పొదుపుగా, రోజు మార్చి రోజు వాడేవాళ్ళున్నారు. కంటికి అంతకంటే ఖరీదైన పొదుపు లేదు.

2. మొదటి నెలలో చెవులకు కాస్త గడియ పెట్టండి

విషయం తెలియగానే సలహాలు మొదలవుతాయి. "నాకూ ఉండేవి, ఆపరేషన్ చేయించుకుంటే ఇప్పుడు సూదిలో దారం ఎక్కిస్తున్నా" అంటుంది పక్కింటి పిన్నిగారు. ఆవిడకు ఉన్నవి శుక్లాలు. శుక్లాల్లో మసకబారేది కంటి లోపలి కటకం. దాన్ని తీసి కొత్తది పెడితే చూపు వస్తుంది. నీటికాసుల్లో దెబ్బతినేది కంటి నుంచి మెదడుకు వెళ్ళే నరం. ఆపరేషన్ చేసినా, లేజర్ చేసినా కంటిలో ఒత్తిడి తగ్గించి ఆ నరాన్ని ఇకముందు కాపాడటానికే. ఈ తేడా తెలియకపోతే రెండు రకాలుగా దెబ్బ తింటారు. ముందు లేని ఆశ పెట్టుకుంటారు, ఆపరేషన్ తర్వాత "చూపు పెరగలేదే" అని కుంగిపోతారు.

ఇంకొకరెవరో తేనె వేయమంటారు, ఆకు పసరు పిండమంటారు, తమకు పనిచేసిన చుక్కల సీసా తెచ్చిస్తారు. అందులో స్టెరాయిడ్ ఉంటే కంటి ఒత్తిడి పెరిగే ప్రమాదం ఉంది. "మా డాక్టరు వేరే ఏదీ వేయొద్దన్నారండీ" అని ఒక్క వాక్యం కంఠతా పెట్టుకోండి. అందరికీ అదే జవాబు, వాదన పెట్టుకోవద్దు.

మరి మీరు గుర్తుపెట్టుకోవాల్సింది ఏమిటి? నీటికాసుల్లో ఎక్కువగా వచ్చే రకం మెల్లగా, ఏళ్ళ మీద నడిచేది. వేళకు పట్టుకుని మందు మానకుండా వాడేవారిలో ఎక్కువమందికి పనికొచ్చే చూపు జీవితాంతం ఉంటుంది. ఇది ఓదార్పు కోసం అంటున్న మాట కాదు, వైద్యులు చికిత్స చేసేది ఆ నమ్మకంతోనే.

3. చుక్కల వేళ

చూపు బాగానే ఉంటుంది, నొప్పి లేదు. అయినా రోజూ పొద్దునో రాత్రో ఆ సీసా ఎత్తగానే "నేను రోగిని" అనిపిస్తుంది. అందుకే చాలామంది మరిచిపోతారు. నిజంగా మరిచిపోవడం కొంత, మరిచిపోవాలనిపించడం కొంత.

దాన్ని విడిగా ఒక తంతు చేయకండి. పళ్ళు తోముకోవడానికో, రాత్రి టీవీ కట్టేయడానికో ముడిపెట్టండి. రెండు రకాల చుక్కలుంటే మధ్యలో అయిదు నిమిషాలు ఆగాలి కదా, ఆ అయిదు నిమిషాలు కంటి గురించి తలపోస్తూ కూర్చోవద్దు. ఒక పాట పెట్టుకోండి. చుక్క వేశాక కళ్ళు మూసి, ముక్కు పక్కన కంటి మూలను వేలితో ఒకటి రెండు నిమిషాలు మెల్లగా నొక్కిపట్టండి. మందు గొంతులోకి, ఒంట్లోకి దిగిపోకుండా కంట్లోనే ఉంటుంది. చెయ్యి వణికి చుక్క చెంప మీద పడుతోందా? పడుకుని వేసుకోండి. ఇంట్లో ఎవరినైనా వేయమనండి. చెంప మీద పడ్డ చుక్క కోసం ఏడ్చినవాళ్ళు ఎందరో ఉన్నారు. చేతకానితనం కాదది, ఆ పని నిజంగానే కష్టం.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి. కొన్నిసార్లు మనసు బాగోలేదనిపించేది మనసు వల్ల కాకపోవచ్చు. టిమొలాల్ లాంటి చుక్కలు కొందరిలో నాడిని నెమ్మదింపజేస్తాయి, నీరసం తెస్తాయి, ఆస్తమా ఉన్నవాళ్ళకు ఊపిరి ఆడకుండా చేస్తాయి. కొందరు ఉత్సాహం చచ్చిపోయినట్టుందనీ చెబుతారు. బ్రిమొనిడిన్ వేసుకున్నాక మగతగా, నోరెండినట్టుగా ఉండవచ్చు. కొత్త మందు మొదలుపెట్టిన తేదీ, డీలాపడటం మొదలైన తేదీ నోటుబుక్కులో పక్కపక్కన ఉన్నాయా? మీ అంతట మీరు ఆపకండి. ఆ పేజీ తీసుకెళ్ళి డాక్టరుకు చూపించండి. మార్చడానికి వేరే మందులున్నాయి.

చుక్కలు మానిన రోజులుంటే అవీ దాచకండి. "రోజూ వేసుకుంటున్నారా?" అంటే "ఆ, వేసుకుంటున్నానండీ" అనేస్తాం, తిడతారేమోనని. అప్పుడేమవుతుంది? ఒత్తిడి తగ్గలేదంటే మందు పనిచేయడం లేదనుకుని ఆయన ఇంకో సీసా కలుపుతారు. ఖర్చు పెరుగుతుంది, భయమూ పెరుగుతుంది.

4. ఫీల్డ్ టెస్ట్ ముందు వారం

నీటికాసులున్నవాళ్ళలో కొందరు ఆపరేషన్ కన్నా, చూపు పరిధిని కొలిచే ఈ పరీక్షకే ఎక్కువ భయపడతారు. గడ్డం స్టాండు మీద ఆనించి, ఒక కన్నుకు గంత కట్టి, ఎదురుగా ఉన్న దీపాన్నే చూస్తూ, చుట్టూ చుక్కలా వెలుగు కనిపించినప్పుడల్లా బజర్ నొక్కాలి. కొంతసేపటికి ఏమీ కనిపించదు. గుండె దడ మొదలవుతుంది. "అయిపోయింది, ఇటుపక్క చూపు పోయింది" అనుకుంటారు. కంగారులో కనిపించకపోయినా నొక్కుతారు. బయటికొచ్చి ముఖం వేలాడేసుకుని కూర్చుంటారు.

ఆ మిషన్ ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఈ భయం సగం పోతుంది. మీకు కనిపించే వెలుగు ఎంతో తేల్చి ఊరుకోవడం దాని పని కాదు. మీకు కనిపించకుండా పోయే అంచు ఎక్కడుందో వెతకడం దాని పని. కనిపించింది అంటే ఇంకాస్త మసక వెలుగు వేస్తుంది, అదీ కనిపిస్తే ఇంకా మసక. మీరు నొక్కకుండా ఉండేదాకా వేస్తూనే పోతుంది. ఏ జబ్బూ లేని కన్ను కూడా అందులో ఇంచుమించు సగం వెలుగుల్ని చూడలేదు. కాబట్టి "చాలా మిస్సయ్యాను" అనుకోవడానికి అర్థం లేదు. అది మీరు తప్పే పరీక్షలా తయారుచేసిందే.

పరీక్షకు కూర్చునేటప్పుడు ఇవి గుర్తుంచుకోండి:

అనుమానంగా నొక్కకండి. లేని వెలుగుకు నొక్కితే రిపోర్టు నమ్మదగ్గది కాకుండా పోతుంది. ఒక్కోసారి ఉన్న లోపం కూడా అందులో దాగిపోతుంది.

మామూలుగా రెప్పలు వేయండి. కళ్ళు గుచ్చి చూస్తే నీళ్ళు కారి అంతా మసకబారుతుంది.

అలసిపోతే ఆపమని అడగండి. చాలా మిషన్లలో బజర్ నొక్కి పట్టుకుంటే పరీక్ష ఆగుతుంది, వదిలితే మళ్ళీ మొదలవుతుంది. ఇది మొదలుపెట్టే ముందే టెక్నీషియన్ని అడిగి తెలుసుకోండి.

మొదటిసారి రిపోర్టు బాగోలేకపోవడం మామూలే. చేయడం అలవాటయ్యాక చాలామందికి మెరుగ్గా వస్తుంది. అందుకే డాక్టర్లు ఒక్క కాగితం చూసి తీర్పు చెప్పరు, మళ్ళీ చేయించి, పాతవీ కొత్తవీ పక్కపక్కన పెట్టి చూస్తారు.

ఇక ఆ కాగితం మీది నల్లమచ్చలు. వాటిని చూసి "నా కంట్లో ఇంత నలుపుందా" అని హడలిపోతారు. మీకెప్పుడైనా అక్కడ నలుపు కనిపించిందా? లేదు. మిషన్ లెక్కల్ని బొమ్మగా వేయడానికి ఎంచుకున్న రంగు అది. రిపోర్టును ఫోటో తీసి రాత్రంతా ఫోన్లో పెద్దది చేసి చూసుకోవడం కన్నా, డాక్టరు ముందు కూర్చుని మూడే ప్రశ్నలు అడగండి: పోయినసారికీ ఇప్పటికీ తేడా ఉందా? నా కంటికి ఎంత ఒత్తిడి ఉంటే మీకు తృప్తి? తర్వాత ఎప్పుడు రావాలి? రెండో ప్రశ్న ఎవరూ అడగరు. మామూలుగా 10 నుంచి 21 దాకా ఉండొచ్చని చదివి, తనకు 18 వచ్చింది కదా అని నిశ్చింతగా ఉండేవారున్నారు. దెబ్బతిన్న నరానికి అంతకన్నా తక్కువే కావాల్సి రావచ్చు. ఎవరి అంకె వారిది.

కంటిపాప పెద్దది కావడానికి చుక్కలు వేసిన రోజు కొన్ని గంటలు అంతా మసకగా, వెలుగు భరించలేనట్టుగా ఉంటుంది. ఆ సాయంత్రం మీ చూపును మీరు పరీక్షించుకోకండి. ఆ రోజు వచ్చే తీర్పు తప్పుడు తీర్పే.

5. దీపం ఆర్పాక

మంచం మీద పడుకుని, ఒక కన్ను మూసి గోడ మీది క్యాలెండర్ చూడటం. తర్వాత రెండో కన్ను. నిన్న కనిపించిన అంకె ఇవాళ కనిపిస్తోందా? ఫ్యాన్ రెక్క అంచు తెలుస్తోందా? మీరూ చేస్తున్నారా ఈ పని?

మానేయండి. నీటికాసులు ముందుగా తినేది పక్కచూపును. ఖాళీ అయిన చోటును మెదడు చుట్టూ ఉన్నదాంతో పూడ్చేస్తుంది. అందుకే ఇన్నాళ్ళూ మీకు తెలియలేదు, అందుకే క్యాలెండర్ కూడా చెప్పలేదు. ఆ తనిఖీ వల్ల జబ్బు తెలియదు, నిద్ర మాత్రం పోతుంది. ఒక్కసారిగా మానలేకపోతే ఆదివారం పొద్దుటికి వాయిదా వేయండి. రాత్రి గుర్తొచ్చినప్పుడు "ఆదివారం చూద్దాం" అనుకోండి. ఆదివారం వచ్చేసరికి చాలాసార్లు ఆ కోరికే ఉండదు.

ఎదురుచూడకుండా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాల్సినవి వేరే ఉన్నాయి: కంట్లో ఉన్నట్టుండి తీవ్రమైన నొప్పి, ఎరుపు, దీపాల చుట్టూ రంగుల వలయాలు, తలనొప్పితో వాంతులు, హఠాత్తుగా చూపు మసకబారడం. ఇవి బెంగ కాదు, అర్ధరాత్రి అయినా వెళ్ళాల్సిందే.

మరి దీపం ఆర్పాక దిగులు వచ్చే వేళ మనసును ఎక్కడ పెట్టాలి? ధ్యానం అలవాటుంటే మంచిదే. ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు నీటికాసులున్న 90 మందితో ఒక పరిశోధన చేసి 2018లో ప్రచురించారు. అందులో సగం మంది మందులతో పాటు 21 రోజులు రోజూ ధ్యానం చేశారు. వారిలో ఒంట్లోని ఒత్తిడి హార్మోనూ తగ్గింది, కంటి ఒత్తిడీ తగ్గింది. అలాగని ధ్యానం చేస్తున్నాం కదా అని చుక్కలు మానే సాహసం వద్దు. వారూ మందులు వాడుతూనే చేశారు.

ధ్యానం అంటే యోగా గుర్తొచ్చింది, శీర్షాసనం మాత్రం వద్దు. తల కిందికీ కాళ్ళు పైకీ పెడితే కంటి ఒత్తిడి ఇంచుమించు రెట్టింపవుతుందని పరిశోధనల్లో తేలింది. పొద్దున్నే లీటరు నీళ్ళు గుక్క తిప్పుకోకుండా తాగే అలవాటు కూడా మన దగ్గర బాగా పాకింది. ఒకేసారి అన్ని నీళ్ళు తాగితే కాసేపు ఒత్తిడి పెరుగుతుంది. తాగండి, కొంచెం కొంచెంగా. నడక హాయిగా నడవండి.

6. పెళ్ళిలో, రోడ్డు మీద

పక్కచూపు తగ్గినవాళ్ళకు ఎదురుగా ఉన్న మనిషి స్పష్టంగా కనిపిస్తాడు. పేపరు చదువుతారు, పెళ్ళి కార్డులో చిన్న అక్షరాలూ చదువుతారు. కానీ పక్కనుంచి చాచిన చెయ్యి కనిపించదు. "పలకరిస్తే చూడనట్టే వెళ్ళిపోయాడు, ఎంత పొగరు" అంటారు బంధువులు. రోడ్డు మీద ఎవరికైనా తగిలితే "కళ్ళు కనపడవా" అంటారు. ఆ మాట మామూలువాళ్ళకు తిట్టు. మీకు అది గుండెల్లో దిగుతుంది.

దీనికి నాకు తెలిసి ఒకటే ఉపాయం, ముందే చెప్పేయడం. మూడు వాక్యాలు ఇంట్లో పైకి అని సాధన చేయండి.

బంధువులకు: "బావగారూ, నాకు పక్కచూపు తక్కువండీ. ఎదురుగా వచ్చి పిలవండి, పలకకపోతే చూసీ చూడనట్టు వెళ్ళానని అనుకోవద్దు."

తోటి ఉద్యోగికి: "ఆఫీసు పని నాకేం ఇబ్బంది లేదు. చీకటి మెట్ల దగ్గర మాత్రం ఒక మాట చెప్పు."

రోడ్డు మీద కసురుకున్నవాడికి: "సారీ అండీ, కనిపించలేదు." అంతే. మీ వైద్య చరిత్ర అతనికెందుకు?

చెప్పుకుంటే జాలిపడతారేమో అన్న భయం న్యాయమైనదే. కొందరు జాలిపడతారు కూడా. అయినా పొగరు అన్న పేరు కన్నా అది మోయడం తేలిక. బండి నడపడం మాత్రం మీ ధైర్యం మీద వదిలేయకూడదు. ఫీల్డ్ రిపోర్టు పెట్టుకుని డాక్టర్నే సూటిగా అడగండి, ఆయన వద్దంటే వద్దు.

7. ఇంట్లో

ఇంట్లో రెండు రకాల తప్పులు జరుగుతాయి. ఒకటి మీరు చేసేది, దాచడం. రెండోది వాళ్ళు చేసేది, అతిగా కాపాడటం.

"మావయ్యగారూ, మీకెందుకండీ, కూర్చోండి, మార్కెట్‌కి నేను వెళ్తా" అంటుంది కోడలు ప్రేమగా. ఆయన కూర్చుంటారు. నెల తిరిగేసరికి కూర్చోవడం తప్ప పని ఉండదు, దిగులు రోజంతా పరుచుకుంటుంది. "కూరలు నేనే తెస్తానమ్మా, రోడ్డు దాటే చోటికి మాత్రం బాబును తోడు పంపు" అని ఆయన అనగలగాలి. సాయం ఎక్కడ కావాలో మీరే గీత గీసి చూపించండి, లేకపోతే వాళ్ళు భయంతో పెద్ద గీత గీస్తారు.

"నా వల్ల పిల్లలకూ వస్తుందేమో" అన్న బాధ ఒకటుంటుంది, చాలామంది పైకి అనరు. రక్తసంబంధీకులకు ముప్పు ఎక్కువన్నది నిజమే. ఆ బాధను అపాయింట్‌మెంట్‌గా మార్చేయండి. అన్నదమ్ములను, అక్కచెల్లెళ్ళను, ఎదిగిన పిల్లలను కంటి ఒత్తిడి, నరం పరీక్ష చేయించుకోమనండి. మీ కంట్లో ఆలస్యంగా దొరికింది వాళ్ళ కంట్లో ముందే దొరకవచ్చు.

8. చూపు బాగా తగ్గినవాళ్ళకు

"ఇక చేసేదేమీ లేదు" అన్న మాట కంటి చికిత్సకు సంబంధించింది, బతుక్కి కాదు. చూపు తగ్గినవారికి నడక, చదువు, వంట, ఫోను నేర్పే పునరావాస కేంద్రాలున్నాయి. హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో దీనికోసం ప్రత్యేక విభాగమే ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్లో టాక్‌బ్యాక్, ఐఫోన్లో వాయిస్‌ఓవర్ ముందే ఉంటాయి, తెర మీదున్నది చదివి వినిపిస్తాయి. చూపు ఇంకా ఉండగానే నేర్చుకుంటే తేలిక. వైకల్య ధ్రువపత్రానికి అక్షరాలు కనిపించడం ఒక్కటే లెక్క కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం చూపు పరిధి 40 డిగ్రీల లోపుకు కుదించుకుపోయినా అల్పదృష్టి కిందికి వస్తుంది. అడగడం నామోషీ కాదు.

ఇంకో సంగతి, ఇది చాలామంది ఎవరికీ చెప్పరు. చూపు బాగా తగ్గినవారిలో కొందరికి లేని మనుషులు, పూలు, గళ్ళగళ్ళ డిజైన్లు, చిన్న చిన్న ఆకారాలు కళ్ళ ముందు కనిపిస్తాయి. మాటలు వినిపించవు, ఊరికే కనిపిస్తాయి. పిచ్చి పడుతోందని మీరు భయపడతారు, గాలి సోకిందని ఇంట్లో తాయెత్తు కట్టిస్తారు. స్విట్జర్లాండ్‌కు చెందిన చార్లెస్ బోనె తన తాతకు ఇలా కనిపించడం చూసి 1760లోనే రాశాడు, ఈ స్థితిని ఆయన పేరుతోనే పిలుస్తారు. కంటి నుంచి కబురు తగ్గిపోయిన మెదడు సొంతంగా బొమ్మలు గీసుకోవడం ఇది. లైటు వేయండి, రెప్పలు ఆర్పండి, చూపు పక్కకు తిప్పండి. చాలాసార్లు పోతాయి. డాక్టరుకు మాత్రం తప్పక చెప్పండి.

9. వేళలు చెరిగిపోతే

నోటుబుక్కులో వేళ రాయడానికే కుదరకుండా, దిగులు లేచింది మొదలు పడుకునే దాకా ఉంటోందా? రెండు వారాలు దాటినా తిండి సయించడం లేదా, ఇష్టమైన పని కూడా వెగటుగా ఉందా, బతికి ఏం లాభం అనిపిస్తోందా? అప్పుడిక పైన చెప్పిన చిట్కాలన్నీ పక్కన పెట్టండి. అది డిప్రెషన్ కావచ్చు, దానికి వైద్యం ఉంది. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416. పగలూ రాత్రీ ఎప్పుడైనా, ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు. చచ్చిపోవాలన్న ఆలోచన వచ్చిన రోజు ఒంటరిగా ఉండకండి, పక్కన ఉన్న మనిషికి ఆ మాట ఆ మాటగానే చెప్పండి.

మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్ళినప్పుడు మొదటి మాటగా నీటికాసులున్నాయని చెప్పండి, అవి ఏ రకమో కూడా. కంటిలో నీరు బయటికి పోయే కోణం ఇరుకుగా ఉన్నవారికి కొన్ని డిప్రెషన్ మందులు ఒత్తిడిని ఉన్నట్టుండి పెంచగలవు. ఆయనకు ముందే తెలిస్తే వేరేది రాస్తారు, లేదా మీ కంటి డాక్టరుతో మాట్లాడతారు. వాడుతున్న చుక్కమందు సీసాలన్నీ కూడా సంచీలో వేసుకెళ్ళండి, పేర్లు నోరు తిరగకపోతే తీసి చూపించవచ్చు.